తనంతట తానే తెరుచుకునే చార్టు

పొద్దున్నే లాండ్రీ తలుపు పక్కన గోడకు అంటించిన డ్యూటీ చార్టు ముందు చిటపట ఆగింది. నిజానికి ఆగనక్కర్లేదు. ఆ కాగితంలో తన పేరు ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చూపించగలదు. అయినా రోజూ ఆగుతుంది. పై గడి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ దిగుతుంది, ఒక్క రోజైనా ఆ వేలు ఇంకోచోట ఆగకపోతుందా అని. ఇవాళా ఆగలేదు. 'మురికి గది' అన్న వరసలో తన పేరే ఉంది. పైన తేదీ మాత్రం కొత్తది.

"ఏమన్నా మారిందా?" వెనక నుంచి వదిన అడిగింది.

"మారడానికి అదేమన్నా వాతావరణమా?" అని చిటపట చేతిసంచిని కొక్కేనికి విసురుగా తగిలించింది.

చిటపట అన్నది ఆస్పత్రి లాండ్రీలో ఆమెకున్న పేరు. కోపమొస్తే వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు మాట్లాడుతుందని వదినే ఆ పేరు పెట్టింది, ఆ తర్వాత అసలు పేరు జీతాల కాగితాల్లో మాత్రమే మిగిలింది. వదిన అంటే సొంత అన్నయ్య భార్య. పై వాటాలో ఉంటుంది. అన్నయ్య పనిచేసే మిల్లు మూతపడినప్పుడు చిటపటే వెంటబెట్టుకొచ్చి వదినను లాండ్రీలో చేర్పించింది. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి రావడం, కలిసి పోవడం, ఒకే క్యారియరు. అన్నం పై వాటాలో ఉడుకుతుంది, కూర కింది వాటాలో.

ఇదివరకు ఈ చార్టు లేదు. సూపర్‌వైజరు వారం మొదట్లో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాడు. ఏ సంగతి చెప్పినా "చూద్దాం" అంటాడు కనుక ఆయన్ని అందరూ చూద్దాంగారనే అంటారు. ఆయన ఒక పేరు రాయగానే ఆ పేరుగలావిడ అరిచేది. ఆయన చెరిపి ఇంకోటి రాసేవాడు, ఇంకొకావిడ అరిచేది. బల్ల తెల్లబడిపోయేది. ఇంత గోల అయినా మురికి గది అందరికీ వచ్చేది, వారం తిరిగేసరికి అందరినీ వదిలేది. ఆఫీసు గదిలోకి కంప్యూటరూ, దానితో పాటు కంప్యూటరమ్మాయీ వచ్చాక సుద్ద పోయింది, గోలా పోయింది. గీతలు కొట్టి, గడులు కట్టి, అచ్చులో వచ్చిన కాగితం మీద అరవడానికి ఎవరికీ నోరు రాలేదు. చిటపటకు కూడా రాలేదంటే ఆలోచించండి.

మురికి గదిలో పని కష్టమైనదేం కాదు, చేయబుద్ధి కానిది. వార్డుల నుంచి బండ్ల మీద మూటలొస్తాయి. ముడి విప్పి, ఒక్కో దుప్పటీ దులిపి చూడాలి. తెల్లవి ఒక తొట్టిలో, ఆపరేషన్ గది నీలంవి ఇంకో తొట్టిలో. రక్తం మరకలున్నవాటిని ముందు చన్నీళ్లలో నానేయాలి, వేడినీళ్లు తగిలితే మరక గుడ్డలో స్థిరపడిపోతుంది. మడతల్లో ఏవేవో వస్తాయి. కత్తెరలు, కళ్లజోళ్లు, ఒకసారి పళ్ల సెట్టు, ఒకసారి చంటిపిల్ల మేజోడు. రబ్బరు తొడుగుల్లోంచి కూడా వాసన చేతులకు అంటుకుంటుంది. ఇంటికెళ్లి ఎంత రుద్దుకున్నా అన్నం ముద్ద నోటి దగ్గరకు రాగానే అది గుర్తొస్తుంది.

కానీ చిటపటను తొలిచేస్తున్నది వాసన కాదు. ఎవరు? ఎందుకు? తను ఎవరికి ఏం చేసింది? దుప్పటి దులిపినప్పుడల్లా ఈ మూడు ప్రశ్నలే. తిరిగొచ్చిన దుప్పట్ల గురించి హెడ్ నర్సుతో వాదించినందుకా? చూద్దాంగారి కొత్త మీసాన్ని చూసి నవ్వినందుకా? నవ్వింది తనొక్కతే కాదే! తను వెళ్లగానే తోటివాళ్లు మాటలు ఆపేస్తున్నారని అనిపించేది. వాళ్లు ఆపడానికి అసలు కారణం మరొకటి. ఎవరికో ఈమె మీద కోపమొచ్చి అక్కడ పెట్టారు, మనం నోరు తెరిస్తే మనకొస్తుంది అని వాళ్ల భయం. ఎవరి పీడ వాళ్లకు తప్పింది చాలనుకున్నారు.

టీ వేళకు ఆమె ఇక ఉండబట్టలేక తొడుగులు ఊడదీసి ఆఫీసు గదికి పోయింది. చూద్దాంగారు టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు.

"నేనేం పాపం చేశానండీ? నాకొక్కదానికే ఆ గది రాసిపెట్టి ఉందా?"

"చార్టులో ఎలా వస్తే అలాగమ్మా," అన్నాడాయన. బిస్కెట్టు తెగి టీలో పడింది. చెంచాతో దాన్ని వెతుకుతూ, "అయినా చూద్దాం," అన్నాడు.

మూల బల్ల దగ్గరున్న కంప్యూటరమ్మాయి తలెత్తింది. మంచి పిల్ల, అందరినీ అక్కా అనే పిలుస్తుంది. "రేపటికి మార్చేస్తాను అక్కా. నాకు ముందే చెప్తే పోయేదిగా," అంది.

నిజంగానే మార్చింది. మర్నాడు చార్టులో చిటపట వేలు రెండు గడుల ముందే ఆగింది. మడతల బల్ల! ఇస్త్రీ యంత్రం పక్కనే ఆ బల్ల, అంటే రోజంతా వదిన పక్కనే. చిటపటకు పండగలా ఉంది. వేడి వేడి దుప్పట్లను నాలుగు మడతలు వేస్తూ, ఇన్నాళ్లు మూటలతో చెప్పుకున్న కబుర్లన్నీ వదినకు చెప్పింది. హెడ్ నర్సు ఎలా మూతి తిప్పుతుందో చేసి చూపించింది. వదిన కాలితో పెడల్ తొక్కుతూ, యంత్రం మూత దించుతూ, ఆవిరిలో నవ్వుతూనే ఉంది. నవ్వులో ఒక డాక్టరు కోటు కాలర్ మాడింది.

"అమ్మా తల్లీ, నువ్వు పక్కనుంటే నా పని సాగేట్టు లేదు. నిన్ను మళ్లీ ఆ గదిలోకే పంపించెయ్యమని చెప్పాలి," అంది వదిన, మాడిన కాలర్‌ను తడిగుడ్డతో రుద్దుతూ.

ఇద్దరూ పగలబడి నవ్వారు. సాయంత్రం వదిన చేతులు తుడుచుకుంటూ చూద్దాంగారి దగ్గరకు వెళ్లి ఏదో మెల్లగా మాట్లాడటం చిటపట చూసింది. అప్పుడేం అనుకోలేదు.

మర్నాడు పొద్దున వేలు పెట్టి చదివింది. మురికి గది. తన పేరు.

ఆ రోజు ఏ గుడ్డ ఏ తొట్టిలో వేసిందో ఆమెకే తెలీదు. ఒక్కరోజు బయటికి రానిచ్చి మళ్లీ తోశారు. ముందటిది ఎవరి పనో తెలియదు గానీ, ఇందులో మాత్రం చెయ్యి కనబడుతూనే ఉంది. నిన్న నవ్వుతూ అన్న మాట, నిన్న సాయంత్రం గుసగుస, ఇవాళ చార్టు. దులిపిన దుప్పటినే మళ్లీ దులిపింది. నీలం గుడ్డలు తెల్లవాటిలో పడితే, బట్టలుతికే యంత్రం దగ్గరావిడ వచ్చి ఏరుకుని పోయింది. అటు నడుస్తుంది, ఇటు నడుస్తుంది, కూర్చోదు. మధ్యాహ్నం ఆకలి లేదని అన్నం దగ్గరకు కూడా పోలేదు. దారిలో వదిన అడిగినదానికి ఊఁ అని, ఆఁ అని నడిచింది. ఇల్లు చేరాక, వదిన పై వాటా మెట్టు మీద కాలు పెట్టబోతుండగా పట్టేసింది.

"ఏం చెప్పావు ఆయనకి?"

"ఎవరికే?"

"చూద్దాంగారికి. నిన్న సాయంత్రం ఇద్దరూ చెవులు కొరుక్కున్నారుగా."

"మోకాలు నొప్పిగా ఉంది, ఓ గంట ముందు వెళ్లనిస్తారా అని అడిగాను. చూద్దాం అన్నాడు."

"మోకాలట! నన్ను పంపించెయ్యమని చెప్తానని నీ నోటితోనే అన్నావు. తెల్లారేసరికి నేను మళ్లీ ఆ కంపులో ఉన్నాను. రెండూ కలిపి చూసుకోలేనంత తెలివితక్కువదాన్నా?"

"అది సరదాకి అన్నానే."

"నేను తెచ్చిపెట్టిన ఉద్యోగం అది. అందులో నిలబడి నాకే గొయ్యి తవ్వుతావా? మిల్లు మూసేసిన రోజు మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో గుర్తుందా?"

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అంటున్నప్పుడే చిటపటకు తెలుసు, కానీ నాలుక అప్పటికే సగం దారిలో ఉంది. పైన కిటికీ దగ్గర అన్నయ్య నీడ కదిలి, లోపలికి తప్పుకుంది.

వదిన మెట్ల కమ్మీని పట్టుకున్న చెయ్యి బిగించి, వదిలి, మళ్లీ బిగించింది. తర్వాత మెల్లగా, "అవునే. నేనే చెప్పాను. నేనే తోయించాను. చల్లబడ్డావా?" అని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కింది. చిటపట చెవులకు మాటలే వినబడ్డాయి గానీ ఆ నడక కళ్లకు ఆనలేదు.

"ఒప్పుకుంది, చూశావా, నోరు విప్పి ఒప్పుకుంది!" అని మొగుడితో అంది. ఆయన ఇళ్లకు రంగులు వేసే మనిషి. వేళ్ల మీద ఎండిన సున్నం గిల్లుకుంటూ, "కోపంలో అన్నదేమో," అన్నాడు. "నీకేం తెలుసు?" అని ఆయన నోరు మూయించి, తోమిన గిన్నెల్నే మళ్లీ తోమింది. గెలిచినట్టు ఉండాలి గదా, ఉండలేదు.

ఆ మర్నాడు ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచారు. మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లు తెరిస్తే చిటపట దగ్గర కూర మాత్రమే ఉంది. ఆ చివర బల్ల దగ్గర వదిన ఉత్త అన్నం తింటోంది. మడతల బల్ల దగ్గరావిడ అటూ ఇటూ చూసి, తల వంచుకుని తినసాగింది. చిటపట కూర తిని నీళ్లు తాగింది.

ఇక దీన్ని తేల్చేయాలనుకుంది. వదిన చెప్తే చూద్దాంగారు రాయిస్తున్నాడు, కంప్యూటరమ్మాయి రాస్తోంది. రాస్తుండగా పట్టుకుని, ఎందుకు రాస్తున్నావని అడిగి, వదిన పేరు వాళ్ల నోటితోనే చెప్పించి, ఉద్యోగం మొహాన కొట్టి రావాలి. అన్నయ్యకూ తెలియాలి. మర్నాడు అందరికంటే ముందే బయల్దేరింది.

ఆఫీసు గదిలో కంప్యూటరమ్మాయి అప్పుడే కిటికీ రెక్కలు తీస్తోంది. "ఏంటక్కా ఇంత పొద్దున్నే?"

"చార్టు రాయి. నేను చూస్తాను."

"రాయడానికేముంది," అని నవ్వి ఆ అమ్మాయి మీట నొక్కి, ఒక బొమ్మ మీద రెండుసార్లు టకటకమనిపించి, నీళ్ల సీసా తీసుకుని కుళాయి దగ్గరకు పోయింది.

కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద ఏదో గుండ్రంగా తిరిగింది, ఆగింది. తర్వాత గీతలు వచ్చాయి, గడులు వచ్చాయి, గడుల్లో పేర్లు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు. గదిలో తను తప్ప మనిషి లేదు. మురికి గది అన్న వరసలో తన పేరు వచ్చి కూర్చుంది. పైన ఇవాళ్టి తేదీ.

చిటపట వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది, ఎవరైనా దాక్కుని చేస్తున్నారేమోనని.

"ఎవరు రాశారిది?" అంది, సీసా మూత బిగించుకుంటూ వచ్చిన అమ్మాయితో.

"ఎవరూ రాయరక్కా, అదే వస్తుంది." ఆ గొంతులో కాస్త గర్వం. "మొదట్లో రోజూ ఫైలు వెతుక్కోలేక చచ్చేదాన్ని. ఓ రోజు పాత చార్టు ప్రింటు తీస్తే ఎంత తికమకైందో గుర్తుందిగా? అందుకని ఒక నమూనా చేసి పెట్టాను. ఈ ప్రోగ్రాముకి స్టార్టప్ ఫోల్డరని ఒకటుంటుంది. తెరవగానే ముందు అందులోకి తొంగి చూస్తుంది, అక్కడ ఏముంటే దాని కాపీ తెచ్చి మన ముందు పెడుతుంది. నేను నమూనాను అందులో పడేశాను. తేదీ కూడా అదే వేసుకుంటుంది. ప్రింటు కొట్టడమే నా పని."

"మరి అందులో నా పేరు?"

"అది… నమూనా చేసిన వారం ఎవరు ఎక్కడుంటే…" అమ్మాయి ఆగిపోయింది. సీసా బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టింది, పడబోతే పట్టుకుంది. "చూద్దాంగారు మార్పులు చెప్తారని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన చెప్పలేదు."

"మొన్న మార్చావుగా!"

"మార్చింది ఆ రోజు కాపీలోనే అక్కా. నమూనా అలాగే ఉంది. మర్నాడు తెరవగానే మళ్లీ పాతదే…" ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో. నేను చూసుకోనేలేదు."

చిటపట ఖాళీ కుర్చీలో కూలబడింది. ఎవరూ లేరు. ఇన్నాళ్లూ తను ఒక మొహం వెతుకుతోంది. చూద్దాంగారి మొహం, హెడ్ నర్సు మొహం, చివరికి వదిన మొహం. అక్కడ మొహమే లేదు. తన మీద ఎవరికీ పగ లేదు, ఎవరికీ తను గుర్తే లేదు. పగ ఉంటేనే నయమనిపించింది ఒక్క క్షణం. ఆ వెంటనే మెట్ల దగ్గర తను అన్న మాట గుర్తొచ్చింది.

"తీసెయ్యి. ఇప్పుడే, నా కళ్ల ముందు."

అమ్మాయి గబగబా పేరు చెరిపింది, సేవ్ చేసింది, ప్రోగ్రాము మూసి మళ్లీ తెరిచింది. గీతలు, గడులు, తన పేరు.

"ఇదిగో మళ్లీ వచ్చింది!" చిటపట లేచి నిలబడింది.

"ఉండండి ఉండండి. కంగారులో మళ్లీ కాపీనే దిద్దాను." ఈసారి ఆ ఫోల్డరు లోపలికే వెళ్లింది. నమూనా మీద రెండుసార్లు నొక్కితే మళ్లీ కాపీయే తెరుచుకుంటుందట. అందుకని కుడి వైపు మీట నొక్కి, అసలుదాన్నే తెరిచింది. తన పేరు చెరపడానికి చెయ్యి కదుపుతుంటే, అప్పుడు చిటపట మొదటిసారి మిగతా గడులు చదివింది.

అన్ని రోజులూ తన గడి దాకానే చదివింది. దాని కింద ఏముందో ఎన్నడూ చూడలేదు. ఆవిరి ఇస్త్రీ అన్న వరసలో వదిన పేరుంది. నమూనా చేసిన వారం ఉన్నట్టే, ఇన్నాళ్లూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి కుడికాలితో పెడల్ తొక్కే పని అది. వారానికి మించి ఎవరినీ ఉంచేవారు కాదు ఇదివరకు.

"అందరి పేర్లూ తీసెయ్యి," అంది. "ఖాళీ గడులు ఉంచు."

అమ్మాయి అన్నీ చెరిపి, నమూనాగానే సేవ్ చేసి, మూసి, తెరిచింది. గీతలు వచ్చాయి, గడులు వచ్చాయి, తేదీ వచ్చింది. పేర్లు రాలేదు.

చూద్దాంగారు వచ్చేసరికి ప్రింటరు నోట్లో ఖాళీ చార్టు వేలాడుతోంది. సంగతి విని ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "నేను కంప్యూటరే మారుస్తుందనుకున్నానే!" అన్నాడు. "సంతకం పెట్టేవాణ్ణి." ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయనకే బాగోలేదు. చూద్దాం అనలేదు. పెన్ను తీసుకుని గుమ్మంలోకి వచ్చి, అందరినీ పిలిచి, ఇవాళ చేత్తో రాస్తానన్నాడు.

పాత గోల మొత్తం తిరిగొచ్చింది. మురికి గది అనగానే ఒకావిడకు నడుము నొప్పి, ఒకావిడకు తుమ్ములు. అందరి వెనక నిలబడ్డ వదిన, "నా పేరు రాయండి. అక్కడ స్టూలు ఉంది," అంది. ఎవరి వైపూ చూడలేదు. ఇస్త్రీ ఎవరికని చూద్దాంగారు అడగకముందే చిటపట చెయ్యెత్తింది.

మధ్యాహ్నానికల్లా ఆమె కుడికాలు వణుకుతోంది. పెడల్ తొక్కి మూత దించడం, ఆవిరి వదలడం, మూత ఎత్తడం, గుడ్డ జరపడం, మళ్లీ తొక్కడం. మోకాలి చిప్ప కింద ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. ఒక్క పూటకే ఇలా ఉంటే. గంట కొట్టగానే కుంటుకుంటూ మురికి గదికి పోయింది. వదిన స్టూలు మీద కాలు చాపుకుని, తొడుగుల చేతులతో ఒక మూట ముడి విప్పుతోంది.

"వదినా, అది ఎవరూ రాయలేదట."

"విన్నాను. పొద్దున్నుంచి అందరూ అదే చెప్పుకుంటున్నారు."

"నేను నిన్ను అనరాని మాటలన్నాను. పొయ్యి సంగతి కూడా అన్నాను. అన్నయ్య విన్నాడు." చిటపట తొట్టి అంచు పట్టుకుంది. "తప్పయిపోయింది. నువ్వు అన్నాళ్లు ఆ పెడల్ తొక్కుతుంటే నాకు కనబడనేలేదు. నా గడి దాకే చదివాను."

వదిన ముడి విప్పడం ఆపలేదు. "నేను మాత్రం నీ గడీ చదివేదాన్ని, నా గడీ చదివేదాన్ని," అంది. "నన్నక్కడ పెట్టించింది నువ్వేననుకున్నాను."

"నేనా?"

"చేర్పించిన రోజు ఆయనతో అన్నావుగా, మా వదిన ఎంతసేపైనా నిలబడుతుంది, ఇస్త్రీకి దిట్ట అని. ఆ మాట మీదే నన్నక్కడ పాతేశారు, నువ్వు ఒక్కమాట చెప్తే తీసేస్తారు, చెప్పడంలేదు అనుకున్నాను."

"మరి నన్నొక్కసారి అడగలేదేం? ఇన్నాళ్లలో ఒక్కసారి?"

ముడి వచ్చింది. వదిన మూట విప్పి, పైనున్న దుప్పటిని దులిపి, మరకలున్నాయేమో అని వెలుగుకెత్తి చూసి, తెల్లవాటిలో వేసింది.

"అడిగితే అవునంటావేమోనని," అంది.

చిటపట వదిన చాపిన కాలి వైపు చూసింది. రోజూ పొద్దున వదిన ఆ మెట్లు దిగి వచ్చింది. ఆ మోకాలితో, ఆ అనుమానంతో, వీధి చివరి దాకా తన పక్కనే నడిచింది. తన కబుర్లకు నవ్వింది. ఏమన్నా మారిందా అని తన గడి గురించే అడిగింది.

"ఏమే, నీ నోరేమైంది?" అంది వదిన, ఇంకో దుప్పటి అందుకుంటూ.

చిటపట తొడుగులు వేసుకుని ఆ దుప్పటి రెండో కొస అందుకుంది.